కరివేపాకు చెట్టుకు దోమతెర

పురుగుల గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఈ మాట ఇప్పుడు అనడానికి సిగ్గుగా ఉంది గానీ, పోయిన ఫిబ్రవరి దాకా ఇక్కడ కెనడాలో, రిచ్‌మండ్ హిల్‌లో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసిన ప్రతిచోటా గట్టిగానే అనేదాన్ని. గుంటూరులో మా మావయ్యది పురుగుమందుల కొట్టు. అమ్మ ఉద్యోగం నుంచి వచ్చేదాకా నేను బడి వదలగానే ఆ కొట్లోనే కూర్చునేదాన్ని. అక్కడి క్యాలెండర్లలో దేవుళ్లు ఉండేవాళ్లు కాదు. పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగు, పిండినల్లి, అన్నీ అరచేతంత రంగుల బొమ్మలు. రైతులు సంచిలో ఆకు తెచ్చి బల్ల మీద పెడితే, మావయ్య కళ్లజోడు వెతుక్కునేలోపు నేనే పురుగు పేరు చెప్పేసేదాన్ని. "మేనకోడలు కాదయ్యా, డాక్టరు" అని ఆయన మురిసిపోయేవాడు. ఆ పొగడ్త నా తలకెక్కి ముప్పై ఏళ్లయినా దిగలేదు.

అలాగని పురుగుల మీద నాకు పగేం లేదు. తొలకరి పడగానే ఆరుద్ర పురుగుల్ని ఏరి అగ్గిపెట్టెలో దాచుకున్నదాన్నే. పచ్చగా మెరిసే జీరంగి పురుగుకి తుమ్మాకు మేపి, గుడ్డు పెట్టిందని క్లాసంతా తిప్పి చూపించినదాన్నే. కానీ కొట్లో నేర్చుకున్న చదువు వేరు. ఆకు మీద ఏది కదిలినా అది మనది కాదు, చంపెయ్యాలి. అంతే సిలబస్.

ఇక ఆంటీ సంగతి. మా ఇంటికి మూడిళ్ల అవతల ఉంటారు. రాజమండ్రి ఆవిడ, డెబ్బై దాటాయి. ఇక్కడ ఇరవై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు కాబట్టి ఎవరితో మాట్లాడినా వెనక సీటు దాకా వినపడేలా మాట్లాడతారు. ఆవిడ ఇంట్లో పద్నాలుగేళ్ల కరివేపాకు చెట్టుంది. వేసవిలో బయట డెక్ అనే చెక్క అరుగు మీద, చలికాలం లోపల కిటికీ దగ్గర. మా వీధిలో ఎవరూ కరివేపాకు కొని ఎరగం. మా పాప కడుపులో ఉన్నప్పుడు నాకు కరివేపాకు పోపు వేసిన చారు తప్ప ఏదీ లోపల ఆగేది కాదు. మోకాలి లోతు మంచులో, కోటు లోపల రెమ్మలు దాచుకుని, రోజు విడిచి రోజు ఆవిడ మా తలుపు కొట్టేవారు. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

పోయిన జనవరిలో చెల్లెలి మోకాలి ఆపరేషన్‌కి తోడు ఉండాలని నాలుగు నెలలు ఇండియా వెళ్తూ, ఆంటీ చెట్టును నాకు అప్పజెప్పారు. వీధిలో ఇంకో ముగ్గురు అడిగారట. నాకే ఇచ్చారు.

"నీకైతే పురుగూ పుట్రా తెలుసు కదమ్మాయ్, అందుకే నీకిస్తున్నా. నీళ్లు కుళాయిలోంచి తిన్నగా పొయ్యకు, చల్లగా ఉంటాయి, వేళ్లకి జలుబు చేస్తుంది. నెలకోసారి పుల్ల మజ్జిగ పల్చగా చేసి పొయ్యి. మందు మాత్రం కొట్టకు, మనం తినేది. నేనొచ్చేసరికి ఇలాగే ఉండాలి."

"పువ్వులా చూసుకుంటానాంటీ" అన్నాను.

మా ఆయన మూడిళ్ల దూరానికి పావుగంట వ్యాను వేడి చేశాడు. చెట్టుకు రగ్గు చుట్టి, సీటు బెల్టు పెట్టి తీసుకొచ్చాం. ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందేమోనని, నేను మహా తెలివిగా, మా మందారం కుండీ పక్కనే పెట్టాను. ఆ మందారాన్ని సెప్టెంబరులో డిస్కౌంట్లో కొన్నాను. దాని ఆకు తిప్పి ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక ఉదయం చెట్టు కింద నేల కాలికి జిగటగా అంటుకుంది. పైకి చూస్తే ఈనె ఈనెకీ తెల్లటి దూది. పిండినల్లి! గబగబా పక్క కుండీలో ఆకులు కూడా తిప్పి చూశాను. అది మందారంలోంచే వచ్చింది. మందారం ఆకుల అడుగున పెద్ద ఊరే ఉంది వాటికి.

సబ్బునీళ్లతో కడిగాను. నిండు చెట్టును షవర్ కింద నిలబెట్టి తలంటు పోశాను. వేపనూనె రాశాను. పురుగులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఇల్లు కంపు కొట్టింది.

"ట్రైన్లో నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు" అన్నాడు మా ఆయన. "ఒకందుకు మంచిదేలే, కాళ్లు చాపుకుంటున్నా."

ఇక లాభం లేదని ఒక పొద్దున్నే మావయ్యకు ఫోన్ చేశాను. గుంటూరులో అప్పుడు సాయంత్రం, కొట్లో మంచి బేరాల వేళ.

"పిండినల్లి మావయ్యా."

"మిరపా? పత్తా?"

"కరివేపాకు."

"ఎన్నెకరాలే?"

"ఒక కుండీ."

ముందు బేరానికొచ్చిన రైతును ఒక్క నిమిషం ఆగమన్నాడు. తర్వాత వృత్తిధర్మం కొద్దీ ఒక మందు పేరు చెప్పి, ఒక్క మూత చాలన్నాడు. ఇది తినే చెట్టు, మందు కొట్టనని మాటిచ్చాను, పైగా ఆ మందు ఇక్కడ అమ్మరు అన్నాను. "మందులమ్మని ఊళ్లో ఎట్టా బతుకుతున్నారే మీరు!" అని నిజంగానే జాలిపడ్డాడు. అప్పుడు చెప్పాను, పాప స్కూల్లో నేర్చుకుందట, పిండినల్లిని తినే పురుగుల్ని పోస్టులో తెప్పించొచ్చట, ఆర్డర్ పెట్టేశాం అని.

"పురుగుల్ని కొన్నావా?" అన్నాడు. ఆ తర్వాత ఫోను పక్కకు పెట్టి, "ఇదిగో, ఇన్నారా, మా అమ్మాయి కెనడాలో పురుగుల్ని తినే పురుగుల్ని కొనుక్కుంటందంట" అని కొట్టంతటికీ చాటింపు వేశాడు. రైతులు నవ్వే నవ్వు నాకు పదివేల మైళ్ల దూరానికి వినపడింది. ఒక పెద్దాయన గొంతు మాత్రం, "నవ్వుతారేందయ్యా, మా నాన్న హయాంలో పత్తి చేలో అయ్యే ఉండేయి. మీ మందులకి ముందు పోయింది అయ్యే" అంది. మావయ్య మళ్లీ ఫోను తీసుకుని, బేరం ఉందమ్మా అని పెట్టేశాడు.

పార్సిల్ వచ్చింది. చిన్న సీసా, లోపల కాగితం ముక్కలు, వాటి మధ్య ముప్పై నలభై అక్షింతల పురుగులు, పాప భాషలో లేడీబగ్స్. ఎర్రగా చుక్కలతో ఉండే రకం కాదు. ఆవగింజకు కాస్త పెద్ద, గోధుమరంగు ఒళ్లు, నారింజరంగు తల. పాప సీసాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని చెట్టు దగ్గరికి తీసుకెళ్లి మూత తీసింది. అవి చెట్టును చూడను కూడా చూడలేదు. సగం కిటికీ అద్దానికి, సగం వంటింటి దీపానికి ఎగిరిపోయాయి. ఒకటి మా ఆయన పప్పుచారులో దిగింది. ఇంకోటి పూజ అల్మరాలో వినాయకుడి తొండం ఎక్కి కూర్చుంది.

"డాడీ, డోంట్ మూవ్! ఇట్స్ ఆన్ యువర్ ఇయర్!" అని పాప కేకలు.

"ఇదేం ఖర్మే నాకు" అని మా ఆయన గిన్నె చేత్తో పట్టుకుని శిలలా నిలబడిపోయాడు.

ఒక్కొక్కదాన్నీ కాగితం మీదకు ఎక్కించి వెనక్కి తేవడానికి ఆదివారమంతా సరిపోయింది. మళ్లీ ఎగిరిపోకుండా ఏం చెయ్యాలా అని ఆలోచిస్తే, పెళ్లయిన కొత్తలో అమ్మ బలవంతాన సూట్‌కేసులో కుక్కిన దోమతెర గుర్తొచ్చింది. సీలింగుకు మేకు కొట్టి, చెట్టు చుట్టూ తెర దించాను.

"మైనస్ పదిహేనులో దోమతెర" అన్నాడు మా ఆయన. "అదీ చెట్టుకి."

తెర పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం నాకు అలవాటైపోయింది. అక్కడ కూర్చుంటే పిచ్చి పిచ్చి ఆలోచనలొచ్చేవి. నా బీరువాలో పట్టుచీరలన్నీ ఒక పురుగు ఉమ్మితో నేసినవే. తేనె ఇంకో పురుగు కక్కిందే. నా పెళ్లిలో తొడిగిన లక్క గాజులకు లక్క ఇచ్చిన ఆ పురుగు, ఈ పిండినల్లికి దగ్గర చుట్టమేనట. ఒకదాన్ని చేతికి తొడుక్కుంటాం, దాని చుట్టాన్ని చూస్తే కెవ్వుమంటాం. మనుషుల్లోనూ అంతే చేస్తాం లెండి, ఒకే ఇంటి నుంచి ఒకర్ని నెత్తిన పెట్టుకుని, రెండోవాళ్లని గుమ్మం తొక్కనివ్వం.

ఈలోగా వారం వారం ఆంటీ వీడియో కాల్. "చెట్టు చూపించమ్మాయ్." నేను ఫోను పైకెత్తి, బాగున్న నాలుగు రెమ్మలు మాత్రం చూపించి, నెట్ సరిగ్గా లేదాంటీ అనేదాన్ని. ఒకసారి "ఆ తెల్లగా వేలాడుతోందేంటి?" అన్నారు. "చలికి కప్పానాంటీ" అన్నాను. ఫోను పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఉన్నమాట చెప్తే, నమ్మి ఇచ్చారు, నాశనం చేశాను అని ఒప్పుకోవాలి. పోనీ, ఆవిడొచ్చేలోపు బాగుచేసి ఇచ్చేస్తే ఏ గొడవా ఉండదు కదా అనుకున్నాను.

మార్చి మొదట్లో ఒక శనివారం తెర ఎత్తి చూసి నిర్ఘాంతపోయాను. సీసాలో వచ్చిన పురుగులన్నీ చచ్చి కుండీలో రాలి ఉన్నాయి. పిండినల్లి చావలేదు సరికదా, బలిసింది! మామూలుదానికి రెండింతలు, ఒళ్లంతా తెల్లటి ఊలు జడలు, పైగా పరుగెడుతున్నాయి. మందు తట్టుకున్న పురుగు ముదిరిపోతుందని మావయ్య చెప్పిన పాఠం గుర్తొచ్చింది. నా కళ్లు మోసపోవు, క్యాలెండర్లో చూసి నేర్చిన కళ్లు. నా ఒళ్లు మండిపోయింది. కనుబొమ్మల పట్టకారు, స్పిరిట్, దూది తెచ్చుకుని కూర్చున్నాను. పాప ఈతకు వెళ్లింది. అది వచ్చేసరికి ముప్పై ఏడింటిని తెల్ల ప్లేటులో వరసగా పేర్చాను. అంతటితో ఊరుకున్నానా? ఫోటో తీసి, మీ పురుగులు పనికిరావు, చూడండి ఎంత పెరిగాయో, నేనే చేత్తో చంపుకోవాల్సి వచ్చింది అని ఆ కంపెనీకి ఘాటుగా ఈమెయిల్ కొట్టాను.

గంటలో జవాబు వచ్చింది. ఈ దేశంలో అందరూ చేసేట్టే ముందు క్షమాపణతో మొదలుపెట్టారు. ఆ తర్వాత, ఫోటోలో ఉన్నవి పిండినల్లి కాదనీ, తాము పంపిన పురుగుల పిల్లలనీ, చిన్నప్పుడు వాటికి సరిగ్గా పిండినల్లి వేషమే ఉంటుందనీ, చాలామంది ఇలాగే పొరబడతారనీ రాశారు. తమ దగ్గర సరుకు అయిపోయి మే దాకా కొత్తవి పంపలేమనీ, మిగిలినవాటిని ముట్టుకోవద్దనీ చివర్న ఇంకో క్షమాపణ.

పాప నా భుజం మీంచి అంతా చదివింది.

"అమ్మా. యూ కిల్డ్ ద బేబీస్."

ఒక్కోటీ పెద్దయితే వందల పిండినల్లుల్ని తినేవి. ఆ ప్లేటును ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చేశాను. నా చదువూ, నా డాక్టరీ అన్నీ గంగలో కలిశాయి. పాప ఆ రోజు అన్నం తినలేదు. భూతద్దం పట్టుకుని చెట్టంతా గాలించి, కొమ్మ చీలిక దగ్గర బతికున్నవి నాలుగు కనిపెట్టింది. మర్నాడు తెరకు ఒక అట్ట వేలాడుతోంది, ఎర్ర అక్షరాలతో: "డు నాట్ టచ్." కింద బ్రాకెట్లో, "దిస్ మీన్స్ యూ, అమ్మా."

మార్చి, ఏప్రిల్ ఆ నాలుగింటి దయ మీదే గడిచాయి. అవి పెద్దవయ్యాయి, రెక్కలొచ్చాయి, మళ్లీ పిల్లల్ని పెట్టాయి. కానీ చెట్టు అప్పటికే ఆకులు రాల్చేసింది. రోజూ పొద్దున్నే ఊడుస్తుంటే చీపురు బరువెక్కేది.

మే నెల మొదటి వారంలో ఆంటీ దిగారు. సామాను విప్పకుండానే, పూతరేకుల పెట్టె చేతిలో పట్టుకుని మా ఇంటికొచ్చారు. కోటు తీయకుండా నేరుగా తెర దగ్గరికి నడిచి, పైకెత్తారు. పుల్లలు. చివర్న పిడికెడు ఆకు. అంతే.

"ఏం చేశావే దీన్ని?" పన్నెండేళ్లలో ఆవిడ నన్ను ఏమే అనడం అదే మొదటిసారి.

అన్నీ చెప్పేశాను. మందారం, వేపనూనె, వీడియో కాల్లో ఆడిన అబద్ధాలు, ప్లేటులో పేర్చిన ముప్పై ఏడు. ఆవిడ వింటూనే తిట్టారు, బస్సులో వెనక సీటు దాకా. "నీకు తెలుసు కదా అని ఇచ్చాను! చెట్టడిగిన ఆ చివరింటావిడకిచ్చినా నీళ్లుపోసి ఊరుకునేది, చెట్టు దాని మానాన అది బతికేది!" నేను తల దించుకుని నిలబడ్డాను.

ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వంగారు. మొదలు దగ్గర మట్టిలోంచి గోరంత చిగురు లేచింది. దాని పక్కనే కాండం మీద తెల్లటి ఊలు జడలతో ఒకటి పాకుతోంది.

"ఇంకా ఉంది చూడు దరిద్రం" అంటూ బొటనవేలు చాపారు.

నేను ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాను. "వద్దాంటీ! అది మనదే!"

పెద్దావిడ చెయ్యి అలా లాగినందుకు నాకే భయమేసి వదిలేశాను. ఆవిడ నన్ను చూశారు, మళ్లీ దాన్ని చూశారు. అది మాత్రం మా గొడవ పట్టనట్టు ఒక పిండినల్లి గుడ్ల మూటలో తలదూర్చి తింటోంది.

"నువ్వు చంపింది వీటినా?"

"అవునాంటీ."

"మిగిలింది నాలుగేనా?"

"నాలుగే. ఇవి వాటి పిల్లలు."

ఆవిడ చాలాసేపు వంగే ఉన్నారు. "తోడబుట్టినవాటిని అన్నిటినీ చంపావు. అయినా అవి పని మానలేదన్నమాట" అన్నారు, ఈసారి నాకు మాత్రమే వినపడేలా.

చెట్టును ఇప్పుడే మీ ఇంటికి చేర్చేస్తాం, మా ఆయన్ని వ్యాను తీయమంటాను అన్నాను. ఆవిడ తెరను మెల్లగా కిందికి దించి, అంచులు నేలకు ఆనేలా సర్ది, అప్పుడు కోటు విప్పి నా చేతికిచ్చారు.

"ఉండవే, ఏం తొందర" అన్నారు. "భోజనానికి కూర్చున్నవాళ్లని మధ్యలో లేపుతామా ఎక్కడైనా? కడుపునిండా తిననీ వాటిని."