మూడు రికార్డులు, ఒక జీపు ట్యూబు

మా ఇంట్లో గోడ గడియారం ఏడు నిమిషాలు ముందుంటుంది. బడికి వెళ్లే బస్సు తప్పిపోకూడదని మా ఆవిడ అలా పెట్టింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి అందరం మనసులో ఏడు తీసేసుకుని, తీరిగ్గా తయారై, ఎప్పటిలాగే బస్సు అందుకోలేకపోతాం. సరిచేస్తానని చాలాసార్లు అన్నాను. "సరిగానే ఉంది, ముట్టుకోకు" అంటుంది. యంత్రాలు సరిచేసి బతికేవాడికి సొంతింట్లో దక్కే గౌరవం ఇంతే.

నా షాపు ఖమ్మంలో, ఖానాపురం హవేలి వైపు. చదివింది బీఎస్సీ ఎలక్ట్రానిక్స్. రికార్డ్ ప్లేయర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను. ఎల్‌పీ రికార్డులు తెప్పించి అమ్ముతాను. ఈ ఊళ్లో ఎల్‌పీలు కొనేవాళ్లు రెండు చేతుల వేళ్లకు సరిపోతారు. వాళ్లలో ముగ్గురు కొనరు, కూర్చుని విని పోతారు.

రెండేళ్ల కిందట, వానలు మొదలైన రోజుల్లో, కొత్తగూడెం నుంచి రాజమల్లు గారు వచ్చారు. బొగ్గు గనిలో వైండింగ్ ఇంజిన్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. కార్మికులను గని లోపలికి దించి, మళ్లీ పైకి తెచ్చే ఇనుప బోనును, అంటే కేజీని, నడిపే పని అది. చంకలో మూడు ఎల్‌పీలు. మూడూ ఒకే ఆల్బమ్: ఒకనాటి పెద్ద గాయని పాడిన రాముడి కీర్తనలు. ఆమె పేరు రాయను. ఆమె అభిమానులకు నా షాపు అడ్రసు తెలుసు.

"సారూ, ఈ మూడిట్ల అసలుది ఏదో తేల్చుండ్రి" అన్నారు.

"మూడూ రీఇష్యూలే కదా" అన్నాను. పాత ఆల్బమ్‌ను కంపెనీ మళ్లీ కొత్తగా అచ్చువేస్తే దాన్ని రీఇష్యూ అంటాం.

"అచ్చేసిండ్రు గని గొంతు మార్చిండ్రు. మా పాత రికార్డుల ఆమె పడుచుపిల్ల లెక్క పాడేది. వీటిల్ల జలుబు చేసిన ముసలమ్మ లెక్క ఉన్నది."

"మీ పాత రికార్డు ఏమైంది?"

"క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ట్రాలీ ఆటోల సామాన్ల మీద పెట్టినం. మే నెల. కొత్తింటికి పోయేసరికి అప్పడమైంది."

ఆ తర్వాత కూతురు కొత్త ప్లేయరు, దాంతోపాటు ఒక రీఇష్యూ కొనిచ్చింది. గొంతు నచ్చక రాజమల్లు గారు ఇంకోటి తెప్పించారు. అదీ నచ్చక మూడోది. ఇంత పట్టింపు ఉన్న శ్రోత మా జిల్లాలో ఉన్నందుకు సంతోషించి, ఆ మాటే అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నాకు కాదు సారూ. మా ఇంటామెకు."

ఆయన భార్య సరోజన గారు కాలనీ భజన బృందంలో ముందుండి పాడే మనిషి. నెలకోసారి అందరూ బస్సులో భద్రాచలం పోయి గుడి దగ్గర పాడి వస్తారు. ఆమె కీర్తనలన్నీ నేర్చుకుంది ఆ పాత రికార్డు దగ్గరే. కొత్త రికార్డు పెట్టి గొంతు కలిపితే కలవడం లేదు. ఒకటికి మూడు రికార్డులు అదే చెప్పేసరికి తన చెవులు పోయాయని, శ్రుతి పోయిందని తేల్చేసుకుంది. ఈసారి భద్రాచలానికి వేరే ఎవరినైనా చూసుకోమని బృందానికి చెప్పేసింది. ప్రయాణం ఇంకా మూడు వారాలుంది.

"పొద్దుగాల చాయ్ పెట్టుకుంట పాడేది సారూ. ఇప్పుడు చాయ్ ఒక్కటే వస్తున్నది" అన్నారు రాజమల్లు గారు. "రికార్డుదే తప్పని తేల్చి ఒక కాగితం మీద రాసియ్యుండ్రి. తీస్కపోయి చూపిస్త."

అలాంటి సర్టిఫికెట్ నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. పని మొదలుపెట్టాను.

రీఇష్యూలను పోల్చడానికి ఒక పద్ధతి ఉంది. మొదట చూడాల్సింది మ్యాట్రిక్స్ నంబరు. లేబులు చుట్టూ పాట లేని నున్నటి వలయం మీద గీసిన అంకెలు అవి. ఏ రికార్డు ఏ అచ్చు నుంచి వచ్చిందో వాటిని బట్టి తెలుస్తుంది. మూడింటిలో రెండింటికి ఒకే నంబరు. అట్టలు వేరు, లోపలి సరుకు ఒకటే. అందులో ఒకటి నూట ఎనభై గ్రాముల బరువని అట్ట మీద బంగారు అక్షరాలతో వేశారు. మందంగా ఉంటే రికార్డు తొందరగా వంకర పోదు. అంతకు మించి గాయనికి ఒరిగేదేమీ లేదు. ఈ రెండింట్లో పాత టేపు బుసను తీసేసే ఉత్సాహంలో తంబురాను కూడా కొంత తీసేశారు. మూడోది నేరుగా అసలు టేపు నుంచి చేసింది. చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది.

పది రోజులు విని నాలుగు కాగితాలు రాశాను. అన్నీ రాశాక మిగిలింది ఒకటే: మూడింటి వేగమూ ఒకటే, శ్రుతీ ఒకటే. ఫోన్ చేసి చెప్పాను.

"అంటే తప్పు మా ఆమెదేనా?" అన్నారు రాజమల్లు గారు.

నేను మళ్లీ మ్యాట్రిక్స్ నంబర్ల దగ్గర మొదలుపెట్టాను.

"అయితే ఆ కాగితం రాయకుండ్రి సారూ" అని పెట్టేశారు.

ఆదివారం కొత్తగూడెం బస్సెక్కాను. సంచిలో స్ట్రోబ్ డిస్కు పెట్టుకున్నాను. చుట్టూ నల్ల గీతలున్న అట్ట బిళ్ల అది. తిరిగే ప్లేయరు మీద పెట్టి పాత ట్యూబులైటు వెలుగులో చూస్తే, వేగం సరిగా ఉన్నప్పుడు గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి.

సరోజన గారు తలుపు తీసి, నన్నూ సంచినీ చూశారు.

"ఏం తమ్మీ, చెవుల డాక్టరువా?"

"కాదక్కా, మిషన్ల డాక్టరును."

"అట్లయితే హాల్ల కూసో. రోగం మిషనుకు లేదు" అని చాయ్ పెట్టడానికి వెళ్లారు. లోపల గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

కొత్త ప్లేయరు మీద గీతలు కదలలేదు. వేగం సరిగ్గానే ఉంది. పాత ప్లేయరు ఏదని అడిగాను. ముల్లు దొరక్క సజ్జ మీద పెట్టేశామంటూ రాజమల్లు గారు దింపారు. పైపళ్లెం ఎత్తి చూస్తే లోపల నల్లగా, మందంగా ఒక బెల్టు.

"ఇది కంపెనీ బెల్టు కాదు కదా?"

"అది తెగితే నేనే కోసి ఏసిన. జీపు ట్యూబు" అన్నారు గర్వంగా. "మా ఆఫీసరు జీపుది. పంచరైందే సారూ. ఇరవై ఏండ్లు తిరిగింది, ఒక్కనాడు ఆగలే."

నాకు మా గోడ గడియారం గుర్తొచ్చింది. బెల్టును తిప్పే మోటారు కప్పీ చిటికెన వేలంత సన్నం. దాని మీద మందం బెల్టు వేస్తే కప్పీ లావైనట్టే. అప్పుడు పళ్లెం తొందరగా తిరుగుతుంది. పళ్లెం బిగించి, డిస్కు పెట్టి, స్విచ్ వేశాను. గీతలు నిలబడలేదు. బస్సు కనిపించిన ప్రయాణికుల్లా ముందుకు పరుగెత్తాయి. లెక్క వేస్తే పాట అర స్వరం పైకి పోయింది. గొంతుకు పదిహేనేళ్లు తగ్గాయి.

కేజీ వేగంలో ఇసుమంత తేడా వచ్చినా కాళ్ల కింది నేలతో పసిగట్టే మనిషి ఆ గీతలను చూస్తూ నిలబడిపోయారు. "గింత ఉరికిందా?"

"ఆగలే అన్నవ్ గద" సరోజన గారు చాయ్ గ్లాసులు పెడుతూ అన్నారు. "ఆగలే. ఉరికింది."

"అక్కా, రికార్డు లేకుండ ఒక్క లైను పాడుండ్రి" అన్నాను.

వద్దన్నారు. బతిమాలితే గోడ వైపు తిరిగి పాడారు. ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్ తెరిచి పట్టుకున్నాను. కొత్త రికార్డుకు సరిగ్గా అర స్వరం పైన, జీపు ట్యూబు ఎక్కడ వదిలిందో అక్కడ. పాత ప్లేయరు మూలబడ్డాక కూడా ఆమె చెవి ఆ మెట్టు దిగలేదు.

కొత్త ప్లేయరుకు పిచ్ కంట్రోల్ ఉంది. వేగాన్ని కాస్త పెంచుకునే, తగ్గించుకునే మీట అది. దాన్ని పైకి జరిపి, అక్కడ మార్కరుతో గీత పెట్టాను. సరిగ్గా ఉన్న యంత్రాన్ని తప్పుగా పెట్టి బాగుచేశాననుకోవడం నా వృత్తిలో అదే మొదలు. మూడు రికార్డులూ ఒక్కో చరణం వినిపించాను. మూడోది పెట్టగానే, "ఇదే. ఊపిరి వినపడుతున్నది" అన్నారు సరోజన గారు. నేను నాలుగు కాగితాల్లో తేల్చింది ఆమెకు అర నిమిషం పట్టింది.

రెండో చరణానికి గొంతు కలిపారు. కలిసింది. రాజమల్లు గారికి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చి వెళ్లి, చాలాసేపు పొయ్యి దగ్గరే నిలబడ్డారు. కీర్తన అయిపోగానే ఆమె బృందంలో ఎవరికో ఫోన్ చేసి, "బస్సుల నాకో సీటు ఉంచుండ్రి. కిటికీ దిక్కు" అన్నారు.

కేసు తేలింది కాబట్టి కాస్త గర్వంగానే నా కాగితాలు తీశాను. మ్యాట్రిక్స్ నంబర్ల నుంచి పోయిన తంబురా దాకా ఓపిగ్గా వివరించాను. సరోజన గారు అంతకంటే ఓపిగ్గా విన్నారు. నాలుగో కాగితం అయ్యాక ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నారు.

"ఇన్ని రోజుల సంది మా ఆయన చెప్పింది ఇన్నవ్. మూడు రికార్డులు ఇన్నవ్. పాడేది నేనైతి. మొదటి రోజే నన్ను పాడమని ఎందుకు అడగకపోతివి తమ్మీ?"