నేను చించిన పదకొండో అధ్యాయం

మా అమ్మాయిని తీసుకుపొమ్మని హాస్టల్ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను చేజర్ల దగ్గర ఒక పల్లెలో చంటిబిడ్డలకు టీకాలు వేస్తున్నాను. ఏఎన్ఎం ఉద్యోగం నాది.

“మీ పాప నాలుగు రోజులుగా క్లాసుకు రావడం లేదు మేడం. సరిగ్గా తినడం లేదు. పిలిస్తే పలకడం లేదు. వచ్చి తీసుకెళ్లండి,” అంది వార్డెన్. ఎందుకని అడిగితే, “మాకేం తెలుస్తుంది, మీరే కనుక్కోండి,” అని పెట్టేసింది.

నేను వెంటనే బయల్దేరలేదు. వరుసలో మిగిలిన ముగ్గురు పిల్లలకూ టీకాలు వేసి, కార్డుల్లో రాసి, మూడోబిడ్డ తల్లికి జ్వరం వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పి లేచాను. అది ధైర్యం కాదు. లేచి నిలబడితే విన్న మాట నిజమవుతుందని భయం.

మా ఆయనకు ఆత్మకూరులో మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. షట్టరు దించి నాతో వచ్చాడు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. దసరా సెలవులకు ఇంటికొచ్చి నవ్వుతూ తిరిగిన పిల్ల, నెల తిరక్కముందే మమ్మల్ని చూసి, ఎవరో దారిన పోయేవాళ్లను చూసినట్టు చూసింది. బ్యాగు కూడా మేమే సర్దాం. గదిలో మూడు మంచాలు పట్టే చోట రెండే ఉన్నాయి. అప్పుడది నా బుర్రకెక్కలేదు.

నెల్లూరులో డాక్టరుకు చూపించాం. ఆయన పిల్లతో గంటసేపు మాట్లాడి, మమ్మల్ని విడిగా పిలిచాడు. “మందులు రాస్తున్నాను. పదిరోజుల్లో మళ్లీ తీసుకురండి. అంతవరకు ఒంటరిగా వదలొద్దు. కానీ కాపలా కాస్తున్నట్టు మాత్రం కనపడొద్దు,” అన్నాడు. ఈ రెండూ ఒకేసారి ఎట్లా చెయ్యాలో చెప్పలేదు.

ఆత్మకూరు ఆస్పత్రికి ఎవరెవరిని ఏ స్థితిలో మోసుకొస్తారో ఉద్యోగంలో చూసినదాన్ని. ఇంటికి రాగానే ఏవి కనపడకూడదో అవి తీసి, తాళం వేసి, తాళంచెవి మెడలో పుస్తెల పక్కన కట్టుకున్నాను. సెలవు పెట్టాను. పిల్ల హాల్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కూర్చుంటే కాపలా కాస్తున్నట్టే ఉంది. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అని పుస్తకాల గుట్ట దగ్గరికి వెళ్లాను.

ఆ గుట్ట నేను చదవని పుస్తకాలది. నెల్లూరు వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో కొని, ట్రంకుపెట్టె మీద పెడుతుంటాను. ఎప్పుడైనా తీరితే పైనున్నదే తీసి చదువుతాను. అడుగునున్నవి అడుగునే ఉంటాయి. “బియ్యం మూటకన్నా బరువుండాది నీ గుట్ట, ఒకనాడు పెట్టె కుంగిపోతాది,” అంటాడు మా ఆయన. ఆ రోజు పైవన్నీ లావుపాటివి. పట్టుకుంటే చేతులు నొప్పెట్టేవి. సన్నవి కావాలని అడుగుదాకా వెతికితే పురికొసతో కట్టిన కట్ట బయటపడింది.

అది నా చేతికొచ్చి ముప్పయ్యేళ్లు కావస్తోంది. ఉదయగిరిలో మా ఇంటి వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. షాపు ఎత్తేస్తూ దాని పెద్దాయన నన్ను పిలిచి, “ఈటిని ఎవురూ తీసకపోవడం లేదు పాపా. నీ వయసోళ్లవి. నువ్వన్నా తీసకపో,” అని ఆరు పుస్తకాల కట్ట చేతిలో పెట్టాడు. అట్టల మీద ‘కిశోర నవల’ అని ఉండేది. పసిపిల్లలవీ కావు, పెద్దలవీ కావు. ఇంటికి తెస్తే మా నాయన, “పదో తరగతి అయ్యేదాకా ఈటి మొకం చూసినావంటే పొయ్యిలో పెడతా,” అన్నాడు. పదో తరగతి అయ్యింది. ట్రైనింగ్ అయ్యింది. పెళ్లయ్యింది. కట్ట నా సామానుతో ఆత్మకూరు వచ్చింది. ముడి విప్పే ఏడు మాత్రం రాలేదు. విప్పాలనుకునేసరికి ఆ వయసు దాటిపోయిందని సిగ్గేసింది.

ఇప్పుడు ముడి విప్పి, పైనున్న దాన్ని తీసుకుని కూర్చున్నాను. రెండు రోజులు దాన్ని పట్టుకునే ఉన్నాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అక్షరాల మీదుగా నా చూపు పిల్ల వీపు మీదే. ఊపిరి తీస్తోందా, నిద్రపోతోందా, ఊరికే కళ్లు మూసుకుందా. మూడో రోజు పొద్దున గోడవైపు తిరిగే ఉండి అంది.

“పేజీ తిప్పు అమ్మా.”

“ఏంది?”

“మొన్నట్నుంచీ పేజీ తిప్పిన శబ్దమే లేదు. నువ్వు చదవడంలేదు. నన్ను చూస్తా ఉండావు. నా వీపు మండతా ఉండాది.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఆ పూట నిజంగానే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను, శబ్దం కోసం.

ఒక చిన్న రైల్వే స్టేషను మాస్టరు కూతురి కథ అది. పరీక్ష తప్పుతుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పదు. నెలరోజులు రోజూ జడలు వేసుకుని, క్యారియరు పట్టుకుని, బడికి పోతున్నట్టే పోయి, పట్టాల పక్కన, కాలువ గట్టున తిరిగి సాయంత్రానికి ఇంటికొస్తుంటుంది. ఒక్క స్నేహితురాలికే తెలుసు. ఆ తల్లి రోజూ క్యారియరు కడుగుతుంది, అన్నం మిగిలిందా లేదా చూస్తుంది. పిల్ల మొహం చూడదు. పదిహేనేళ్లప్పుడు చదివుంటే ఆ పిల్ల ఎక్కడ దొరికిపోతుందోనని భయపడేదాన్ని. ఇప్పుడు ఆ తల్లి ఎప్పుడు కనుక్కుంటుందా అని ఊపిరి బిగబట్టాను. పేజీలు వాటంతట అవే తిరిగాయి. ఒకచోట తల ఎత్తి చూద్దును కదా, మంచం ఖాళీగా ఉంది.

పుస్తకం ఎక్కడ పడేశానో తెలియదు. వంటింట్లో లేదు. పెరట్లో లేదు. బాత్రూము తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. రెండు చేతులతో బాదాను. పేరు పెట్టి అరిచాను. పలకలేదు. భుజంతో గుద్దబోతుండగా గడియ తీసింది. తల నిండా షాంపూ నురగ. నీళ్లు కారుతున్నాయి.

“ఏందమ్మా? తలకు కూడా పోసుకోనీవా?” అంది. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించింది. “నేనేం చేసుకోను. నువ్వు చదువుతా ఉంటే బాగుండాదని లేచినా. ఎవురూ నన్ను చూడనట్టు ఉండాది.”

ఆ వారంలో అదే మొదటిసారి తనంతట తాను తలస్నానం చెయ్యడం.

సాయంత్రం కథేందని అడిగింది. చెప్పాను. “నువ్వు అయిపోయినాక నాకియ్యి,” అంది. నాకు ఎంత సంతోషమయిందో. రేపటికల్లా ఇవ్వాలని మర్నాడు మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుండగా వేగంగా చదివాను. పదకొండో అధ్యాయంలో ఆ స్నేహితురాలు, ఇంటికి రాలేదని ఈ పిల్లను వెతుక్కుంటూ కాలువకు పోయి, జారి, కొట్టుకుపోయి చనిపోతుంది. దీన్ని నా కూతురికి ఎట్లా ఇవ్వను? ఇవ్వనంటే ఎందుకంటుంది.

పుస్తకం నేలకు జారిపోతేనే కళ్లకద్దుకునేదాన్ని. ఆ రోజు పెరట్లోకి వెళ్లి, కుట్టు దగ్గర వేలు ఆనించి, ఆ అధ్యాయం మొత్తం చించాను. ఎనిమిది కాగితాలు. మడిచి, నా డ్యూటీ బ్యాగులో రిజిస్టర్ల కింద పెట్టాను. పిల్ల లేవగానే పుస్తకం చేతికిచ్చాను.

రాత్రి అన్నం తింటూ కూడా చదివింది. మా ఆయన నావైపు చూసి కళ్లతోనే నవ్వాడు. నేను కంచంలోకి చూస్తూ అన్నం కెలికాను.

మర్నాడు పొద్దున వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో పుస్తకం.

“పది తర్వాత పన్నెండు ఉండాది.”

“పాత పుస్తకం గదా, ఊడిపోయి ఉంటాయి,” అన్నాను, వెనక్కి తిరక్కుండా.

“ఊడిపోతే ఇట్టుంటాయా? కాగితమంతా ఎర్రబడి ఉండాది. చించిన కాడ మాత్రం తెల్లగా ఉండాది.” పన్నెండో అధ్యాయం తెరిచి చూపించింది. “ఆ పిల్ల స్నేహితురాలు చచ్చిపోయింది గదా? పన్నెండులో అందరూ ఉండారు. దాని ఊసే లేదు.”

స్టవ్ ఆపేశాను.

“మీరందరూ ఇంతే,” అంది. “అక్కడ హాస్టల్లో కూడా ఇట్నే చేసినారు. దాని మంచం తీసేసినారు. పెట్టె తీసేసినారు. టీసీ తీసుకోని పోయింది, మీరు చదువుకోండి అన్నారు. పోలేదమ్మా. చచ్చిపోయింది. ఊడ్చే ఆమె చెప్తే తెలిసింది నాకు. క్లాసులో లేచి అడిగితే, కూర్చో, లెక్క చెయ్యి అన్నారు.”

అక్కడే గుమ్మంలో కూలబడింది. పక్కన కూర్చున్నాను. ముక్కలు ముక్కలుగా చెప్పింది. పక్క మంచం పిల్లకు జ్వరం వచ్చింది. ఆదివారం పరీక్ష, చెప్తే ఇంటికి పంపించేస్తారు, వార్డెన్‌కు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మా అమ్మాయి, నేనిచ్చి పంపిన మందుల డబ్బాలోంచే మాత్రలు ఇచ్చింది. నాలుగో రోజు ఆ పిల్ల మెట్ల మీద పడిపోయింది. మోసుకుపోయారు. అంతే, మళ్లీ కనపడలేదు.

“నువ్వు నర్సువి గదా. నిజం చెప్పు. మొదటి రోజే నేను చెప్పుంటే బతికుండేదా?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అడగనంత కష్టమైన ప్రశ్న అది. నీ తప్పేం లేదమ్మా అనడం ఎంతసేపు? కానీ అబద్ధమాడి దొరికిపోయి అయిదు నిమిషాలు కాలేదు.

“ఏమో. బతికుండొచ్చు,” అన్నాను. “బతక్కపోనూ వచ్చు. ఆ జొరాలు అట్టుంటాయి. కానీ మూడు రోజులు ఒక పిల్ల అన్నానికి రాకపోతే చూడాల్సింది పదిహేడేళ్ల నువ్వు కాదు. చూడాల్సినోళ్లు ఉండారు. వాళ్లు చూడలేదు.”

ఏడ్చింది. ఆపమని నేను అనలేదు. చాలాసేపటికి, “ఆ పేజీలు ఇయ్యి,” అంది. బ్యాగులోంచి తీసి ఇచ్చాను. నా పక్కనే కూర్చుని చదివింది. నా చేతిలో ఏ పుస్తకమూ లేదు. దాచకుండా దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. అయ్యాక కాగితాలు సరిచేసి, “వాళ్లింటికి పోవాలి,” అంది.

ఆ పిల్లది ఉదయగిరి దాటాక ఒక పల్లె. మా ఆయన ఒప్పుకోలేదు. “ఆ తల్లి కడుపుమంటతో ఉంటాది. ఏదన్నా మాటంటే ఈ పిల్ల తట్టుకుంటాదా?” అన్నాడు. నా భయమూ అదే. డాక్టరుకు ఫోన్ చేశాను. “పాప అడిగిందా, మీరా?” అన్నాడు. పాపే అన్నాను. “అయితే మీరు కూడా వెళ్లండి,” అన్నాడు.

మా అమ్మాయీ నేనూ బస్సెక్కాం. ఉదయగిరి కొండ కనపడగానే, ఇదే మా ఊరని, నా చిన్నప్పటి చోట్లన్నీ చూపిద్దామనుకుని మానుకున్నాను. బస్టాండులో దిగి ఆటో ఎక్కాం. ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు.

ఆ పిల్ల తల్లి పంచలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నాకన్నా చిన్నది. ఎవరమో చెప్పాను. లేవబోయింది. ఈలోగా మా అమ్మాయి, నేను దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ చెప్పనీయకుండా, నిలబడే అనేసింది.

“ఆంటీ, దానికి జొరమని నాకు తెలుసు. మూడు రోజులు తెలుసు. చెప్పొద్దనింది. నేను ఎవురికీ చెప్పలేదు.”

ఆమె చేతులు ఆగిపోయాయి. మా అమ్మాయి వైపు చూసింది. చేటలో కాయలు పక్కకు నెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయింది. ఎంతసేపటికీ రాలేదు. మా అమ్మాయి కదలకుండా నిలబడింది. దాని చెయ్యి పట్టుకున్నాను. పోదాం పదమని లాగాను. రాలేదు. లోపల ఏదో పెట్టె తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. తిడుతుంది, కొడుతుంది, ఏదైనా నేను అడ్డం పడాలి అనుకుంటున్నాను.

ఆమె చాప తెచ్చి పరిచింది.

“ఆ బుధవారం అది వార్డెన్ ఫోన్లోంచి మాట్లాడింది నాతో,” అంది మా అమ్మాయితో. “గొంతు బరువుగా ఉండాది. జలుబు చేసిందా అంటే ఊఁ అనింది. నాకు తేడాగానే తోచింది తల్లీ. పరీక్ష గదా అని నేనూ ఊరుకున్నా. నేనూ ఎవురికీ చెప్పలా.” కొంగుతో మొహం తుడుచుకుని చాప మీద కూర్చుంది. “ఇట్టా వచ్చి కూర్చో. నీ పక్క మంచమే గదా? అది ఏం మాట్లాడేది, ఏం తినేది, ఎవుర్ని తిట్టేది, అన్నీ చెప్పు. రెండేళ్లు నా కాడ లేదు. నాకేం తెలీదు.”

మా అమ్మాయి కూర్చుంది. ఆ పిల్ల ఉప్మాను ‘సిమెంటు’ అనేదని చెప్పింది. ఆమె నవ్వబోయి ఏడ్చింది. మళ్లీ చెప్పమంది. నేను మెల్లగా లేచి వీధి దాకా నడిచాను. పదకొండు రోజుల్లో మొదటిసారి నా కూతుర్ని నా కళ్లకు కనపడనంత దూరంలో వదిలాను. వెనక్కి తిరగలేదు. వాళ్ల మాటలు అయ్యేసరికి రెండు గంటలు పట్టింది.

తర్వాత అంతా చక్కబడిందని చెప్పను. ఆ కాలేజీకి తిరిగి పంపలేదు. ఆత్మకూరులోనే చేర్చాం. ఆ పిల్ల తల్లీ, మా ఆయనా కలిసి కాలేజీ మీద ఫిర్యాదు రాసిచ్చారు. ఇంకా జవాబు లేదు. మందులు నడుస్తున్నాయి. కొన్ని రోజులు మళ్లీ గోడవైపే తిరుగుతుంది. కట్టలో మిగిలిన ఐదు నవలలూ ఇద్దరం చదివాం. అన్నీ గొప్పవేం కావు. ఒకదాంట్లో పేజీకొక నీతి. దాన్ని వాళ్ల నాన్నకు గట్టిగా చదివి వినిపించి నవ్వించింది.

ఆదివారాలు ఉదయగిరి వైపు నుంచి ఫోన్ వస్తుంది. మా అమ్మాయి తీసుకుని మేడ మీదికి పోతుంది. మొదట్లో ఆ మెట్ల దగ్గర నిలబడేదాన్ని. ఇప్పుడు కింద బట్టలు ఉతుక్కుంటాను. ఏం మాట్లాడుకుంటారో అడగను.