ఉరుముకు భయపడ్డ నాయకుడు

వేలూరులో గుడియాత్తం బస్సెక్కి పత్రిక తెరిచాను. పక్క సీటులోని పెద్దావిడ అందులోని ఫోటో మీద వేలు పెట్టింది.

"ఈయన పేరే మా వాడికి పెట్టినాడు మా ఇంటాయన, ధైర్యంగా పెరగాలని. ఏం రాసినారు నాయనా? నాకు తెలుగు చదివేదానికి రాదు."

ఒక విదేశీ విలేకరి అడవిలో ఆ ఫోటోలోని విప్లవ నాయకుడితో కొన్నాళ్లుండి రాసిన కథనం మీద గొడవ అది. ఉరిమితే నాయకుడు భయపడి పక్కవాళ్ల చెయ్యి పట్టుకునేవాడని రాశాడట. అంతా అబద్ధమని అభిమానులు పత్రికలు తగలబెట్టారట. అదే చెప్పాను.

ఆవిడ పత్రిక మీదికి వంగింది.

"మా వాడూ అంతే అప్పా. షూ కంపెనీలో పని చేస్తా ఉండాడు, మీసాలొచ్చినాయి. ఇడి ఉరిమిందంటే ఇంకా నా కొంగు పట్టుకుంటాడు. ఆ పేరు పెట్టుకోని ఇదేందిరా అని అందరూ నవ్వుతారు. ఆ మాట యాడుండాది, చూపీ."

చూపించాను. తాను చదవలేని ఆ వాక్యాన్ని వేలితో మెల్లగా నిమిరింది.

"ఇది అబద్ధం కాకుంటే బాగుండునప్పా."

పేజీ చింపి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆ విలేకరి నిజమే రాశాడో లేదో నాకు తెలియదు. ఎవరైనా వాదనకు దిగితే మాత్రం, నేనిప్పటికీ అతని పక్షమే.