పొట్టు గాదె

మా పెదనాయన జెర్రిపోతులను పెంచేవాడు. విషం లేని, ఎవరూ కొనని పాములవి. వేరుశనగ పొట్టు నింపిన గాదెలో అవి గుడ్లు పెడితే రోజూ చూసుకుని మురిసిపోయేవాడు. ఎవరైనా పాములను ముట్టుకుంటామంటే ముందు వాళ్ల చేయి పట్టుకుని వాసన చూసేవాడు. "బీడీ కంపు. పో" అని పదిమందిలో నన్ను మూడుసార్లు వెళ్లగొట్టాడు. నేను మరచిపోలేదు.

ఆ కరువు ఏడాది రెండుతలల పాములకు గిరాకీ పెరిగింది. ఇంట్లో ఉంటే అదృష్టమని ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొనేవాళ్లు. సర్పంచి పెదనాయన దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నాకొక రెండుతలల పామును పట్టియ్యి. లేకుంటే నీ గాదెకు అగ్గి పెట్టిస్తా."

"నా పాములకు ఒగటే తలప్పా. ఉండేదాన్ని వాడుకుంటాయి" అన్నాడు పెదనాయన.

సర్పంచి గాదె మూత మీద చేయి వేశాడు. పెదనాయన ఆ చేయి పట్టుకుని వాసన చూశాడు.

"కంపు. పో."

మరునాటికి గాదె గుడ్లతో సహా కాలిపోయింది. వారం తిరక్కుండా ఆయన మిగిలిన పాములకు కొత్త గాదె అల్లుకున్నాడు. సర్పంచినీ నన్నూ ఒకే మాటతో పంపిన మనిషి కదా అని నేనే ఒక మూట పొట్టు మోసుకెళ్లాను. ఆయన నా చేయి వాసన చూశాడు.

"బీడీ కంపు. పొట్టు ఆడ పోసి పో."

అది నాలుగోసారి. అదీ మరచిపోలేదు.