చార్జ్ కంట్రోలర్‌కు కుట్టిన కవర్

కరెంటును మార్చే ఏ పెట్టెలోనైనా కొంత కరెంటు వేడి రూపంలో వృథాగా పోతుంది. ఆ వేడి ఎటు పోవాలో చూడటమే రాయదుర్గంలో నా ఉద్యోగం. పెట్టె వెనకున్న అల్యూమినియం రెక్కలకు గాలి తగలకపోతే ఏమవుతుందో కొత్తగా చేరినవాళ్లకు ఏసీ ల్యాబులో గొంతు చించుకుని చెబుతుంటాను. ఎవరైనా మరిచిపోతే అందరి ముందూ కడిగేస్తాను.

హఫీజ్‌పేట్‌లో మా పక్క పోర్షన్‌లో బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. ఆవిడ భర్త రాయదుర్గంలోని ఈ ఆఫీసు టవర్లలోనే గ్రానైట్ పాలిష్ పట్టీ పట్టీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇరవై నాలుగ్గంటలూ ఆక్సిజన్ మిషన్ మీదే ఉండేవాడు. కరెంటు పోయినా అది ఆగకూడదని నేనే డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించి, గదిలో గోడకు చార్జ్ కంట్రోలర్ బిగించాను. ప్యానెళ్ల కరెంటును మార్చి బ్యాటరీకి ఎక్కించే పెట్టె అదే.

వారం తిరిగేసరికి ఆవిడ దానికి కవర్ కుట్టింది. ఫ్రిజ్‌కి, మిక్సీకి, టీవీకి కుట్టుకున్నట్టే, అంచుకు కుచ్చులు పెట్టి మరీ.

"దుమ్ము పడ్తదని కుట్టిన అన్నా. ఎట్లున్నది?" అంది చాయ్ అందిస్తూ.

తీసేయమని చెప్పాల్సింది. అంత మురిపెంగా చూస్తుంటే నోరు రాలేదు. "చాలా బాగుందండి" అన్నాను. మళ్లీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఆ మళ్లీ కూడా చాయ్ తాగి వచ్చేశాను. ఎండలు ఇంకా ముదరలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయింది. బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికే ఆయన్ని ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. దారిలోనే పోయాడు.

కర్మకాండ అయిపోయాక ఆవిడ నన్ను పిలిచి అడిగింది. "మిషన్ ఎందుకు ఆగింది అన్నా?"

ల్యాబులో రిపోర్టు చదివినట్టు చెప్పాను. కంట్రోలర్ వేడెక్కి మధ్యాహ్నమే తనంతట తాను ఆగిపోయిందని, బ్యాటరీ నిండలేదని, గాలి ఆడకపోవడం వల్లే ఇదంతా అని. ఆవిడ గోడకేసి చూసింది.

"అయితే నేను కుట్టిన కవర్‌తోనేనా?"

"అవునండి" అన్నాను. నాకు ముందే తెలుసని, తెలిసీ బాగుందన్నానని మాత్రం చెప్పలేదు.

ఆవిడ ఇప్పుడు బాచుపల్లిలో వాళ్ల అక్క దగ్గర ఉంటోంది. మొగుణ్ణి నా చేతులతో నేనే చంపుకున్నానని వచ్చినవాళ్లందరికీ చెప్పి ఏడుస్తోందట. ఆవిడ నంబర్ నా దగ్గరుంది. ఇంతవరకూ ఫోన్ చేయలేదు.