తొందర లేని కారు

డ్యూటీ నుంచి రాగానే ఆమె నేరుగా ఇంట్లోకి పోదు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, పక్కనున్న షెడ్డులోకి వెళ్ళి, అక్కడి పాత కారు బోనెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడుతుంది, పిల్లలకు జ్వరం చూసినట్టు. ఆ రేకు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. ఆ చల్లదనం మోచేతిదాకా పాకాక గానీ ఆమెకు ఇంట్లోవాళ్ళ మాటలు చెవికెక్కవు.

"వచ్చిందమ్మా డాక్టరమ్మ! ముందు రోగి, తర్వాతే మన మొహాలు," అంటుంది వంటింట్లోంచి అత్తగారు.

"మీ ఆయనగారి ఆస్తే కదా అత్తయ్యా. నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారు?"

నిజమే, అది మావగారి కారు. ఆయన చనిపోయిన ఏడాదే అదీ ఆగిపోయింది. అమ్మడానికి అత్తగారికి మనసొప్పలేదు, బాగుచేయించడానికి కొడుక్కి తీరిక చిక్కలేదు. డ్రైవరు సీట్లో మావగారు కూర్చున్న గుంట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆమె పని అంబులెన్సు ఆఫీసులో ఫోన్లు ఎత్తడం. అవతల ఎవరో ఏడుస్తుంటారు. ఇంటి నంబరు గుర్తురాదు, వీధి పేరు నోటికి రాదు. ఆమె గొంతు పెంచకుండా ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని బండి పంపుతుంది. బండి వాళ్ళ గుమ్మంలో ఆగగానే లైను తెగిపోతుంది. ఆ మనిషి బతికిందీ లేనిదీ ఎవరూ చెప్పరు. అడుగుదామనుకునేలోపు ఇంకో ఫోను. ఏళ్ళ తరబడి విన్న ఆ సగం సగం కథలన్నీ ఆమె చెవిలో కాపురం పెట్టాయి. ఒకప్పుడు కునుకు పడితే చాలు, "లైన్లో ఉన్నారా? ఉన్నారా?" అని ఎవరో అడిగేవారు. ఇక తనవల్ల కాదు, ఉద్యోగం మానేద్దామని నిర్ణయించుకుంది.

అలాంటి రోజుల్లోనే ఒక సెలవునాడు, ఇంట్లో ఫోను మోగుతుంటే దాన్నుంచి పారిపోయి షెడ్డులో దాక్కుంది. ఊరికే కూర్చోలేక బోనెట్ ఎత్తి, వదులుగా ఉన్న నట్టు ఒకదాన్ని వేళ్ళతో తిప్పింది. ఊడి వచ్చింది. దాని కింద ఇంకోటి. సాయంత్రానికి ఆమె ఒళ్ళో ఎయిర్ ఫిల్టరు, ముక్కు మీద మసి. ఆ రోజు పక్కమీద వాలగానే నిద్ర పట్టేసింది.

అప్పటినుంచీ ప్రతి సెలవుకీ షెడ్డే. ఉద్యోగం మానేసే మాట మర్చిపోయింది. పైకప్పు రేకు కంతలోంచి దిగిన ఎండ ముందు హెడ్‌లైటు మీద వాలి, మెల్లగా తలుపు మీదకు జారి, మధ్యాహ్నానికి వెనక చక్రం పక్కన పిల్లిలా పడుకునేది. కిరోసిన్ పళ్ళెంలో నానేసిన నట్ల నుంచి తుప్పు ఎర్రటి పొగలా పైకి లేచేది. వీధిలో కేకలూ హారన్లూ నీళ్ళ అడుగునుంచి విన్నట్టు వినిపించేవి. ఒక్కోసారి కారు కింద వెల్లకిలా పడుకుని పైకి చూస్తుంటే, ఆ గొట్టాలూ కడ్డీలూ ఏదో పెద్ద జంతువు పొట్టలా ఉండేవి. అది ఊపిరి తీసుకుంటోందనీ, తనూ దాంతోపాటే తీసుకుంటున్నాననీ అనిపించేది. కార్బురేటర్‌లో మట్టి ఉంటే మట్టి కనిపిస్తుంది, తుడిస్తే పోతుంది. చెయ్యి పడకపోతే వచ్చే వారందాకా అది అలాగే ఉంటుంది. ఎవరి ప్రాణమూ పోదు.

భర్తకు కళ్ళద్దాల షాపు. మెత్తని మనిషి. అప్పుడప్పుడూ షెడ్డులోకి తొంగిచూసి, "ఎంతవరకొచ్చింది?" అనేవాడు.

"అబ్బో, ఇంకా చాలా ఉందండీ," అంటూ ఆమె నిట్టూర్చేది.

ఇష్టమైన భోజనం ముందు కూర్చున్నవాళ్ళు విడిచే నిట్టూర్పు అది. ఆయనకది బెంగలా తోచింది. పాపం, లాగలేక లాగుతోంది అనుకున్నాడు.

ఆమె శిక్షణ కోసం పైఊరు వెళ్ళిన వారంలో మెకానిక్కుని ఇంటికి పిలిచాడు. తిరిగొచ్చేసరికి కారు వీధిలో నిలబడి ఉంది, కడిగి, తుడిచి, తళతళలాడుతూ. మెకానిక్కు సెల్ఫ్ కొట్టాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. భర్త పరీక్ష పాసైన కుర్రాడిలా నవ్వుతున్నాడు. ఆమె కూడా నవ్వింది. ముందు సీట్లో కూర్చుని ఊరంతా తిరిగొచ్చింది. ఇల్లు చేరాక బోనెట్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది.

మళ్ళీ మొదలైంది. నిద్ర లేదు. సెలవునాడు షెడ్డులోకి వెళ్ళి, మెరుస్తున్న కారునే గుడ్డతో ఇంకోసారి తుడిచి వచ్చేసేది. ఆఫీసులో ఒకసారి, అవతలి మనిషి వీధి పేరు స్పష్టంగా చెప్పినా గట్టిగా అరిచి మళ్ళీ అడిగింది. తన గొంతు విని తనే భయపడింది.

మర్నాడు పొద్దున టీ తాగుతూ, "నేను ఉద్యోగం మానేస్తానండీ," అంది.

"అదేంటి? ఈమధ్య బాగానే ఉంటున్నావుగా! కారు గొడవ కూడా వదిలిపోయింది."

"వదిలిపోయింది. అందుకే." కప్పు తీసుకుని లేచిపోయింది.

ఆయన తెల్లబోయి తల్లివైపు చూశాడు.

"ఊరందరికీ అద్దాలు పెడతావు గానీ, ఇంట్లో మనిషి కనపడదురా నీకు," అంది అత్తగారు. "ఆ పిల్ల దాన్ని నడపాలని కూర్చుందా అక్కడ? నువ్వు చేసింది ఎలా ఉందంటే, చదువుకుంటున్నదాని చేతిలో పుస్తకం లాక్కుని చివరికి ఏమైందో చెప్పేసినట్టుంది."

ఆయన టీ సగంలో వదిలి బయటికి నడిచాడు. తర్వాత షెడ్డులో ఏదో దబ్బున పడిన చప్పుడు. ఆమె పరుగెత్తి వెళ్ళేసరికి భర్త కారు కింద ఉన్నాడు. చేతిలో పానా, తెల్లచొక్కా నిండా నల్లటి ఆయిలు.

"ఏం చేస్తున్నారండీ!"

"విప్పుతున్నాను. ఏది ముందు విప్పాలో తెలీక ఇదిగో, ఇలా అయ్యాను. నువ్వే చెప్పు."

"అది విప్పితే ఆయిలంతా కారిపోతుందండీ."

"కారిపోయింది."

ఆమె నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆ తర్వాత కొంగు బిగించి, ఆయన పక్కనే పాత దుప్పటి పరుచుకుని కిందికి దూరింది. వాళ్ళు బయటికొచ్చేసరికి ఎండ వెనక చక్రం దాకా వచ్చేసింది.

కొన్నాళ్ళకు బండి ఎలా నడుస్తోందో చూద్దామని వచ్చిన మెకానిక్కు షెడ్డు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. ఇంజను బల్లమీద వంద ముక్కలై ఉంది.

"ఎవరమ్మా ఈ పని చేసింది? నడిచే బండిని ఎవరైనా విప్పుకుంటారా? నా పనిలో ఏం లోపమొచ్చిందని?"

"లోపమేం లేదు నాయనా," అంది అత్తగారు, కుర్చీ లాగి వేస్తూ. "మరీ బాగా చేశావు. తంటా అంతా దానివల్లే వచ్చింది. కూర్చో, టీ తాగు."

ఆమె ఇప్పటికీ అంబులెన్సు ఆఫీసులో అదే కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తుతోంది. ఈమధ్యే గేరుబాక్సు విప్పడం మొదలుపెట్టింది. ఎక్కడికి వెళ్ళాలన్నా ఇంటిల్లిపాదీ బస్సెక్కుతారు.