మావగారు వచ్చే గోడ

మొన్న మా ఇంట్లో ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాడు, సంచీ కింద పెట్టీ పెట్టకముందే హాల్లో గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. లోపల వైరు ఎటు పోతోందో అంచనా వేస్తున్నాడట. వంటగది గుమ్మంలో ఉన్న నేను ఆ చెయ్యి వంకే చూస్తూ నిలబడిపోయాను. "ఏటండీ, అలా సూస్తన్నారు?" అన్నాడు. ఏమీ లేదని చెప్పి టీ పెట్టడానికి వెళ్ళాను గానీ, పాలు పొంగి పొయ్యిమీద పడేదాకా నేను ఇక్కడ లేను, గాజువాక ఇంట్లో ఉన్నాను.

నేను చిన్నకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి జోరుమీద ఉంది. గాజువాకలో ఎటు చూసినా ఇళ్ళు లేస్తున్నాయి, ఇల్లు కట్టిన ప్రతివాడికీ కిటికీలకి గ్రిల్సు కావాలి, ముందు గేటు కావాలి. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పెరటి చివర రేకుల షెడ్డు వేసి వెల్డింగు మిషను పెట్టారు. మావగారికి అది బొత్తిగా గిట్టలేదు. ఆయన ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ మనిషి. చీకటితో వెళ్ళి మధ్యాహ్నానికి సిటీ బస్సులో తిరిగొచ్చేవారు. ఒంటికి చేపల వాసన ఎంతగా పట్టేసేదంటే, సీట్లు ఖాళీగా ఉన్నా కండక్టరు ఆయన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టేవాడట. అది ఆయనే చెప్పి ఆయనే నవ్వేవారు. పెద్దకొడుకుని కూడా అక్కడే పనిలో పెట్టించాలని ఆయన పట్టుదల. కొడుకు వినలేదు. మిషను ఇంటికొచ్చిన రోజు నుంచి మావగారు కొడుకుతో మాట మానేశారు. ఏడాది తిరగకుండానే, ఒక మధ్యాహ్నం నడవ గదిలో గోడకి జారబడి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. ఆ మాట మాత్రం కలవనే లేదు.

బావగారి పనికి మొదట్లో అన్నీ అడ్డంకులే. ఇంట్లో దీపాలకిచ్చిన కరెంటే షెడ్డుకీ దిక్కు. రాడ్డు ఇనుముకి తగిలిందో లేదో, వీధి వరండాలో ఫ్యూజు టప్పుమనేది. ఆయన అక్కణ్ణించి ఇక్కడికి తిట్టుకుంటూ వచ్చి తీగ చుట్టి వెళ్ళేవారు, మళ్ళీ టప్పు. మావగారి మాసికాలు నడుస్తున్న రోజుల్లోనే విసుగెత్తి, వెంట్రుకలాంటి ఫ్యూజు తీగ పీకేసి దిట్టమైన రాగి తీగ బిగించేశారు. "ఇంక ఎగరమన్నా ఎగరదు" అని మా ముందు మీసం తిప్పుకున్నారు. నిజంగానే ఎగరలేదు. గ్రిల్సు మీద గ్రిల్సు తయారవుతూ వచ్చాయి, మేమంతా సంతోషించాం.

అప్పుడు వచ్చింది కార్తీకం. ఆ నెలంతా మా ఇంట్లో చేప ముట్టరు. ఒక మధ్యాహ్నం నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే గుప్పున చేపల వాసన. కళాయి చూశాను, పెరడు చూశాను, పిల్లి ఏమైనా తెచ్చిందేమోనని మంచాల కింద వెతికాను. నడవ గదిలోంచి అత్తగారు మెల్లగా పిలిచారు. "ఒలమ్మీ, ఇటు రా. మీ మావొచ్చినాడు."

ఆ గదికి కిటికీ లేదు, పగలు కూడా బల్బు వెలగాల్సిందే. అది ఎర్రబడి, కొడిగట్టిన దీపంలా కొట్టుకుంటోంది. అత్తగారు మావగారు పోయిన చోటే గోడకి వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. నా చెయ్యి పట్టుకుని గోడమీద పెట్టారు. వెచ్చగా ఉంది. ఎండలోంచి వచ్చి చొక్కా విప్పిన మనిషి వీపులా ఉంది. చెవి దగ్గరపెడితే లోపల సన్నగా చిరచిర. "బతికున్నన్నాళ్ళూ ఐసు సేతులే. ఇప్పటికి ఎచ్చబడ్డాడు" అన్నారు అత్తగారు, ఎంతో తృప్తిగా. నాకు భయం వేసింది, కానీ చెయ్యి తీయాలనిపించలేదు. ఆ రెండూ ఒకేసారి ఎలా జరిగాయో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత అది అలవాటైపోయింది. దయ్యమైనా రోజూ వస్తే ఇంటి మనిషే కదా! అత్తగారు మంచం ఆ గోడ పక్కకి జరిపించుకుని, మధ్యాహ్నాలు దానికి ఒరిగి ఊళ్ళో పొలం సంగతులు చెబుతూ నిద్రపోయేవారు. ఆదివారాలు ఎందుకు రారని అడిగితే, "ఆదోరం హార్బర్లో పని జాస్తి గదా" అన్నారు. ఆదివారాలు షెడ్డు మూసి ఉంటుందని మా ఇద్దరికీ తెలుసు, రెండూ కలిపి చూడాలని మాత్రం తట్టలేదు.

బావగారికి మావగారు ఒక్కసారీ చిక్కలేదు. పిలిస్తే పని ఆపి వచ్చేవారు. వచ్చేసరికి బల్బు తెల్లగా వెలుగుతుండేది, వాసన పలచబడిపోయేది. పొద్దంతా కాలిన ఇనుము పట్టుకున్న చేతులకి గోడ వెచ్చదనం ఏం తెలుస్తుంది? "నీ మీద ఇంకా అలకేరా. నీ అడుగు సప్పుడినగానే ఎల్లిపోతన్నాడు" అనేవారు అత్తగారు. "నన్ను సూసి బయపడతన్నాడేటి?" అని ఆయన నవ్వేసేవారు. ఆ పూట కంచంలో అన్నం సగం మిగిలేది.

ఒకరోజు మాస్కు సరిగా పెట్టుకోక వెల్డింగు వెలుగు కళ్ళకి కొట్టి, బావగారు కళ్ళు తెరవలేకపోయారు. బంగాళాదుంప చక్రాలు కోసి కళ్ళమీద పెట్టి, అత్తగారి మంచం మీద పడుకోబెట్టాం. ఒప్పుకున్న గేటు ఆగకూడదని వన్ టౌన్ నుంచి తోటి పనివాడు, మేం భాయ్ అని పిలిచే సాయిబు, వచ్చి షెడ్డులో పని అందుకున్నాడు. అలా మొదటిసారి, మిషను నడుస్తుండగా బావగారు లోపలున్నారు.

బల్బు ఎర్రబడింది. వాసన వచ్చింది. ఆయన చప్పున లేచి కూర్చున్నారు. "అమ్మా, ఎవులొచ్చినారు?"

"నీ కోసమే వొచ్చినాడురా. పలకరించు."

తడుముకుంటూ గోడమీద చెయ్యి వేసి, తర్వాత చెంప ఆనించారు. దుంప ముక్కలు ఒళ్ళో పడ్డాయి. కళ్ళు మూసే ఉన్నాయి, మొహం మాత్రం పసివాడిలా అయిపోయింది. అంతలోనే ముక్కుపుటాలు కదిలాయి. మాడుతున్న స్విచ్చుల, వైర్ల వాసన చేపల వాసనలాగే ఉంటుందని ఆ పని చేసేవాడికి తెలుసు. ఆయనకి తెలిసిపోయింది. తెలియడం నేను చూశాను. అయినా చెంప తియ్యలేదు. "నాన్నా, నాను..." అని ఇంకేదో గొణిగారు, నాకు వినపడలేదు. ద్వారబంధం పక్క నుంచి సన్నగా పొగ లేచింది. అప్పుడు ఎగిరి దూకి, గుమ్మానికి కొట్టుకుంటూ గుడ్డిగా వరండాలోకి పరిగెత్తి మెయిను దించేశారు.

భాయ్ సుత్తితో గోడ పగలగొట్టాడు. మీటరు నుంచి షెడ్డుకి వెళ్ళే వైరు ఆ గోడలోంచే పోతుంది, అక్కడే అతుకు. ఎగరాల్సిన ఫ్యూజు ఎగరక, ఆ అతుకు కాలి కాలి బొగ్గయిపోయింది. పక్కనున్న ద్వారబంధం చెక్క లోపలంతా నల్లగా మాడిపోయింది. అత్తగారి తలగడకి అది జానెడు దూరం. బావగారు నేలమీద కూలబడిపోయారు. "నానేనమ్మా. ఆ లావు తీగ నానే ఎట్టినాను. నిన్ను తగలెట్టీసీవోణ్ణి" అని ఎంత ఏడ్చారో. అత్తగారు కొడుకు తల నిమురుతూ గోడలో కన్నం వైపే చూస్తూండిపోయారు.

స్తంభం నుంచి షెడ్డుకి వేరే లైను వచ్చేదాకా మిషను ముట్టనన్నారు బావగారు, ముట్టలేదు. వచ్చాక లావు కేబులు, విడిగా మెయిను, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు గొయ్యి, అన్నీ పద్ధతిగా చేయించారు. ఇంటి ఫ్యూజులో మళ్ళీ వెంట్రుక తీగ. గోడకి కొత్త సున్నం. అత్తగారు రోజూ మధ్యాహ్నం దానిమీద చెయ్యి వేసి చూసి తీసేసేవారు.

ఒకనాడు అన్నం పెడుతూ కొడుకుని అడిగారు. "ఆయాల నీకేటి సెప్పినాడురా?"

అది కాలిన వైరని చెప్పడానికి ఆయనకి ఒక్క ముక్క చాలు. కంచంలోకి చూస్తూ చెప్పారు. "పని సేసుకోమన్నాడమ్మా. ఇంటి లైను మీద వొద్దన్నాడు."

అత్తగారు తలూపారు. "ఆయనంతే. సెప్పీదేదో బతికుండగా సెప్పడు" అని ఇంకో గరిటె పులుసు పోశారు.

మావగారు పోయిన రోజు మా ఇంట్లో అందరికీ ఒకటే. ఆయన ఇక రారని తెలిసిన రోజు మాత్రం ఎవరిది వాళ్ళకే. బావగారిది నేను కళ్ళారా చూశాను, అత్తగారిది ఏ మధ్యాహ్నమో ఎన్నడూ అడగలేకపోయాను.